నేర్చిన నడవడి – మనసు తొడిగిన కవచము

(సంఘ సమావేశమునందు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఉద్దేశించి గావించిన ప్రసంగపాఠము)



ఈ దినమున నాకు నిర్ణయింపబడిన విషయము మనశ్శాస్త్రము. మన సమావేశములయందు సాధారణముగా బడులను గుఱించియు, పాఠ్యపుస్తకములను గుఱించియు, ఉపాధ్యాయ నియామకములను గుఱించియు ప్రసంగములు జరుగుచుండును. వాని నడుమ మనశ్శాస్త్రమునకు ఏమి పనియని కొందఱికి తోచవచ్చును. కావున మొదటనే ఒక ప్రశ్నను మీ ముందుంచెదను. హోసూరులోగాని, కృష్ణగిరిలోగాని, డెంకణికోట, తళి, బాగలూరు, శూళగిరి ప్రాంతపు పల్లెలలోగాని తెలుగు మాటలాడు ఇంట పుట్టిన బిడ్డ ఐదేండ్ల ప్రాయమున అవ్వతో గలగల మాటలాడును. ఆ బిడ్డయే పదేండ్ల ప్రాయమున, తోడిపిల్లలు వినుచుండగా అవ్వ తెలుగున పిలిచినచో, వినబడనట్లు ఊరకుండును. లేదా వేఱొక భాషలో బదులు చెప్పును. ఈ యైదేండ్లలో ఆ బిడ్డ మనసునందు ఏమి జరిగినది?

దీనికి మనము చెప్పుకొను కారణములు తెలిసినవే. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రములు భాషల ననుసరించి పునర్విభజింపబడినపుడు, నాడు సేలము జిల్లాలో నున్న హోసూరు సీమ మద్రాసు రాష్ట్రమునందే నిలిచినది. అటుపిమ్మట 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని వచ్చినది. 1980 దశకము ముగియులోపల పెద్ద కర్మాగారములు వెలసి, నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున పైకి జరిగి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. ఇవియన్నియు నిజమైన కారణములే. అయినను చట్టము బడిలో ఏ పాఠము చెప్పవలెనో నిర్ణయించునుగాని, అవ్వ పిలిచినపుడు బిడ్డ తల దించుకొనవలెనని ఏ చట్టమును చెప్పలేదు. ఆ తల దించుకొనుట ఎక్కడనో నేర్చినది. ఎట్లు నేర్చెనో తెలిసికొన్నచో, దానిని ఎట్లు మఱపింపవచ్చునో తెలియును. నా ప్రసంగము ఆ మేరకే.

నేర్చుట యనగా నేమి?

బిడ్డ పుట్టుకతో కొన్ని చేష్టలను వెంట తెచ్చుకొనును. పాలు చీకుట, కంటిపై వెలుతురు పడినపుడు ఱెప్ప వాల్చుట, పెద్ద చప్పుడునకు ఉలికిపడుట ఇట్టివి. వీనిని ఎవ్వరును నేర్పనక్కఱలేదు. తక్కిన నడవడిలో అధికభాగము నేర్చినదే. సిగ్గుపడు శక్తి పుట్టుకతో వచ్చినదే కావచ్చును. దేనికి సిగ్గుపడవలెనో అది మాత్రము చుట్టునున్నవారు నేర్పినది. మనశ్శాస్త్రజ్ఞులు ఈ నేర్పు మూడు నాలుగు త్రోవలలో జరుగునని కనుగొనిరి.

మొదటి త్రోవ జంటగా వచ్చినవానిని మనసు ముడివేసికొనుట. రష్యా దేశపు శరీరశాస్త్రజ్ఞుడైన ఐవాన్ పావ్లోవు (1849–1936) జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము పొందెను. ఆయన కుక్కకు ఆహారము పెట్టుటకు ముందు ఒక చప్పుడు వినిపించుచు వచ్చెను. పలుమారు లట్లు చేసిన పిమ్మట ఆహారము లేకయే, చప్పుడు వినినంతనే కుక్క నోట లాలాజలము ఊరెను. చప్పుడునకును లాలాజలమునకును సహజమైన సంబంధ మేదియు లేదు. జంటగా వచ్చుటచేతనే సంబంధము కుదిరినది. దీనికి నిబంధనమని పేరు.

ఈ త్రోవను భయముకూడ నడచును. అమెరికాలో జాన్ వాట్సను, రోసలీ రేనరు అనువారు 1920లో ప్రకటించిన ప్రయోగమునందు, ఏడాది నిండని ఒక పసివానికి తెల్లని యెలుకను చూపుచు, అదే సమయమున వాని వెనుక ఇనుప కడ్డీపై సుత్తితో పెద్దగా మోగించిరి. మొదట ఎలుకకు భయపడని ఆ బిడ్డ కొలది మారులలోనే ఎలుకను చూచి ఏడ్వసాగెను. అంతటితో నిలువక, కుందేలును చూచియు, బొచ్చు కోటును చూచియు భయపడెను. ఆ భయమును తొలగింపకయే బిడ్డను పంపివేసిరి. పసిబిడ్డపై ఇట్టి ప్రయోగమును నేటి శాస్త్రలోకము అంగీకరింపదు. అయినను దానివలన తెలిసినది చిన్న విషయము కాదు.

ఇక మన బడికి వత్తము. క్రొత్తగా చేరిన బిడ్డ దప్పిక గొని తెలుగున నీళ్లడిగెననుకొందము. తరగతి ఘొల్లున నవ్వెను. ఆ నవ్వులో ద్వేషము లేకపోవచ్చును. పిల్లలు క్రొత్తదానికి నవ్వుదురు. కాని ఆ బిడ్డకు ఆ నవ్వు ఇనుప కడ్డీ చప్పుడు వంటిది. తెలుగు మాటయు, చెవులు వేడెక్కు అవమానమును జంటగా వచ్చినవి. నాలుగు మారు లట్లు జరిగినచో మాటకును సిగ్గునకును ముడి పడును. ఎలుక భయము కుందేలునకు ప్రాకినట్లే, ఆ సిగ్గు తెలుగు పుస్తకమునకును, తెలుగు పాటకును, తుదకు బడి వాకిట నిలిచి పేరుపెట్టి పిలిచిన అవ్వకును ప్రాకును. బిడ్డకు అవ్వపై ప్రేమ తగ్గలేదు. ముడి ఒక్కటే పడినది.

ఫలమునుబట్టి నడవడి

రెండవ త్రోవ ఫలితముచే నేర్చుట. ఎడ్వర్డు థారన్‌డైకు 1898లో పిల్లులను పెట్టెలలో మూసి, త్రాడు లాగినగాని, మీట నొక్కినగాని తలుపు తెఱచుకొనునట్లు ఏర్పాటు చేసెను. పిల్లి మొదట గీకును, కఱచును, దూకును. ఎప్పుడో కాలు తగిలి తలుపు తెఱచుకొనును. మరల మరల మూసినకొలది పనికిరాని చేష్టలు తగ్గి, తలుపు తెఱచు చేష్టయే నిలిచినది. సుఖమును తెచ్చిన చేష్ట నిలుచును, తేనిది సడలును. ఆయన తరువాత బి. ఎఫ్. స్కిన్నరు (1904–1990) ఈ సూత్రమును విస్తరించి, నడవడిని నిలబెట్టు ఫలమునకు పునర్బలనమను భావము నేర్పఱచెను. ప్రతిమారును ఫలము దొరకిన నడవడికంటె, అప్పుడప్పుడు మాత్రమే దొరకిన నడవడి ఎక్కువ మొండిగా నిలుచునని కూడ ఆయన చూపెను.

మన ఇండ్లలో పునర్బలన మెట్లు నడచుచున్నదో గమనింపుడు. చుట్టములు వచ్చిరి. బిడ్డ ఆంగ్లమున ఒక పాట పాడెను. అందఱును చప్పట్లు కొట్టిరి, మిఠాయి చేతిలో పెట్టిరి. మఱునాడు అదే బిడ్డ వేమన పద్యము చెప్పెను. తండ్రి వార్తాపత్రికనుండి తల యెత్తలేదు. ఎవ్వరును బిడ్డను తిట్టలేదు, వలదనలేదు. అయినను పాఠము పూర్తియైనది. ఏది చెప్పిన మనుష్యులు తనవంక చూతురో బిడ్డ నేర్చుకొన్నది.

మూడవ త్రోవ చూచి నేర్చుట. ఆల్బర్టు బండూరా 1961లో చేసిన ప్రయోగమునందు, పెద్దవారొకరు పెద్ద బొమ్మను కొట్టుచు తిట్టుచునుండగా చూచిన పిల్లలు, తరువాత తామును అట్లే బొమ్మను కొట్టిరి. ఆ పెద్దవారి తిట్లనే తిట్టిరి. వారికి ఎవ్వరును నేర్పలేదు, బహుమానమును ఇయ్యలేదు. మన పిల్లలును చూచుచునే యున్నారు. ఇంట తెలుగు మాటలాడు తండ్రి బస్సునందు గొంతు తగ్గించి మాటలాడుట చూతురు. దుకాణమున ఎదుటివాడు తెలుగువాడని తెలిసియు వేఱొక భాషలో బేరమాడుట చూతురు. నేర్పకయే నేర్పిన పాఠములలో ఇది యొకటి.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. హోసూరు సంతలో పూలమ్ము రైతు ఒక్క గంటలో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ నాలుగును మాటలాడును. ఇది మన సీమకు అలవడిన గొప్ప నేర్పు. కొనువానితో వాని భాషలో మాటలాడినచో బేరము తెగును, స్నేహము కలియును. లాభముచే నేర్చిన ఈ నడవడి మనిషిని విశాలుని చేయును. భయముచే భాష మార్చువాడు మాత్రము ప్రతిమారును కొంచెము ముడుచుకొనును. వినువారికి ఆ భేదము తెలియదు, మాటలాడినవానికి తెలియును.

ఆశలేమి కూడ నేర్చినదేనా?

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మార్టిన్ సెలిగ్‌మను, స్టీవెన్ మయ్యరు అనువారు కుక్కలతో ప్రయోగము చేసిరి. ఒక జట్టు కుక్కలు తలతో పలకను నొక్కి విద్యుత్తు పోటును ఆపుకొనగలిగెను. రెండవ జట్టు ఏమి చేసినను పోటు ఆగలేదు. అటుపిమ్మట రెండు జట్లను పొట్టి అడ్డుగోడ గల పెట్టెలో విడిచిరి. దూకినచో తప్పించుకొనవచ్చును. మొదటి జట్టు దూకెను. రెండవ జట్టులోని పెక్కు కుక్కలు దూకుటకు ప్రయత్నింపకయే, పోటును భరించుచు పడియుండెను. దీనికి నేర్చిన నిస్సహాయత యని పేరిడిరి.

కాని ఆ యిరువురే దాదాపు 50 ఏండ్ల పిదప, 2016లో, మెదడును గుఱించి తరువాత తెలిసిన విషయములనుబట్టి తమ సిద్ధాంతమును సవరించిరి. ఎడతెగని బాధలో చతికిలబడుట ప్రాణికి సహజముగా వచ్చునదే. నేర్వవలసినది దానికి మారుదియగు, 'నా చేతలో ఫలమున్నది' అను భావమని వారు చెప్పిరి. ఈ సవరణము మనకెంతయు ముఖ్యము. అర్జీలు పెట్టి పెట్టి విసిగినవారిని చూచి, వారిది చేతకానితనమని యువకులు తలపోయరాదు. ఫలము కనబడని చోట కూలబడుట మానవ సహజము. రాజ్యాంగమునందలి 350ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులను గుఱించి చెప్పుచున్నది. అది 1956లో చేర్పబడినది. అక్షరమున ఉన్న హక్కునకును తరగతి గదికిని నడుమ దూరము నడచి నడచి కాళ్లు నొచ్చినవారు మనలో నున్నారు. వారికి కావలసినది ఉపదేశము కాదు. చిన్నదైనను చేతికందు ఒక ఫలము.

మనసు తొడుగుకొను కవచము

ఇంతవఱకు నేర్చిన నడవడిని గుఱించి చెప్పితిని. ఇక రెండవ భాగము. సిగ్గు, భయము, నిరాశ మనసులో నిలిచినపుడు మనిషి వానిని మోయుచు బ్రతుకజాలడు. కావున మనసు తనకు తెలియకయే కొన్ని ఉపాయములు పన్నును. వియన్నా నగరపు వైద్యుడు సిగ్మండు ఫ్రాయిడు 1894లోనే మనసు గావించుకొను రక్షణమును గుఱించి వ్రాసెను. ఆయన కుమార్తె ఆనా ఫ్రాయిడు 1936లో ఆ ఉపాయములను ఒక్కొక్కటిగా వివరించుచు గ్రంథము ప్రకటించెను. ఫ్రాయిడు చెప్పిన పెక్కు సంగతులను తరువాతివారు త్రోసిపుచ్చిరిగాని, ఈ రక్షకతంత్రముల భావము నేటికిని నిలిచియున్నది. మన సామెతలను చూచినచో, ఈ తంత్రములను మన పెద్దలు ఎంత చక్కగా కనిపెట్టిరో తెలియును.

పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగునందురు. ఎదుట నున్నదానిని లేదనుకొనుట యను నిరాకరణ మిదియే. 'మా యింట పిల్లలకు తెలుగు రాకపోవుట యేమి, అన్నియు అర్థమగును' అని చెప్పు తండ్రి అబద్ధ మాడుట లేదు. చూచుటకు మనసు ఒప్పకున్నది.

ఆడలేనమ్మ మద్దెల ఓడనెను. అందని ద్రాక్షపండ్లు పుల్లననుటయు నిట్టిదే. ముందు నడవడి, తరువాత దానికి తగిన కారణము. ఇది హేతుకరణము. 'తెలుగు చదివిన ఉద్యోగ మేది?' అనుమాట తఱచుగా వినుచుందుము. బిడ్డ జీవనోపాధిని గుఱించి తల్లిదండ్రులు చింతించుట న్యాయమే. దానిని తేలికగా త్రోసివేయరాదు. అయినను ఒక పరీక్ష కలదు. చెప్పిన కారణమును తీసివేసినపుడు నడవడి మాఱినచో అది నిజమైన కారణము, మాఱనిచో కవచము. 'బడి పాఠముల బరువుచే తెలుగునకు వేళ లేదు' అనువారు వేసవి సెలవులలో బిడ్డచే నాలుగు పంక్తులు చదివించిరా? అప్పుడును చదివింపనిచో వేళ అసలు కారణము కాదు.

మూడవది ప్రక్షేపణము. తన మనసులోని దానిని ఎదుటివారియందు చూచుట. తన పలుకుబడికి తానే సిగ్గుపడువాడు, చుట్టునున్న వారందఱును తన్ను చూచి నవ్వుచున్నారని తలంచును. పొరుగువారి భాషాభిమానమంతయు తనపై పగయని భావించును. నిజముగా కీడు తలపెట్టువారు ఎచ్చటనైనను కొంద ఱుండవచ్చును. కాని ప్రక్షేపణము కన్నులకు కమ్మినపుడు స్నేహితుని శత్రువునుండి వేఱుచేయలేము.

అత్తమీది కోపము దుత్తమీద చూపుట విస్థాపనము. కచేరీలో గంటలకొలది నిలువబెట్టబడి వచ్చిన తండ్రి, అక్షరము తప్పు వ్రాసిన బిడ్డను కొట్టును. దెబ్బ కచేరీకి తగులదు. తెలుగు పలకకు తగులును. ఆ బిడ్డ మనసులో తెలుగునకును దెబ్బకును క్రొత్త ముడి పడును.

ఆనా ఫ్రాయిడు చెప్పిన తంత్రములలో ఒకటి, బాధించినవానితో తాదాత్మ్యము. నిరుడు నవ్వులపాలైన బిడ్డ, ఈ యేడు క్రొత్తగా వచ్చిన పల్లె బిడ్డను చూచి అందఱికంటె బిగ్గఱగా నవ్వును. నవ్వువారి పక్షమున నిలిచినచో తన్ను నవ్వరను ఆశ. అట్టి బిడ్డను దుష్టుడని శిక్షించుటకు ముందు, వాని నవ్వు వెనుక పాత గాయ మున్నదేమో చూడవలెను.

లోనున్న భావమునకు సరిగా వ్యతిరేకమైనదానిని పైకి గట్టిగా చూపుట మఱియొక తంత్రము. సభలో భాషాభిమానము ఉఱుమువలె వినబడును. ఇంటికి పోయిన పిదప బిడ్డతో ఒక్క తెలుగు మాటయు నుండదు. దీనికి తోడుగా పూర్వవైభవపు స్వైరకల్పన యొకటి. రాయల కాలపు వైభవమును తలచుకొనుట తప్పుకాదు. బిడ్డ పలకయందు నేటి అక్షరము లేకున్నను, ఆ తలపుతోనే కడుపు నిండినచో అది మందు కాదు, మత్తు.

మన నుడిని మనమే తప్పుపట్టుట

ఈ విషయమున వెలుపలివారిని మాత్రమే నిందించుట సత్యము కాదు. మన సీమ బిడ్డ 'ఎనుము' అనును. పుస్తకమునందు 'గేదె' యని యుండును. ఎనుము తెలుగు కాదని ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసినచో బిడ్డ యేమి నేర్చును? ఎనుము చక్కని పాత తెలుగు మాట, నిఘంటువులలో నున్నది. ఇంటి మాటకు బడిలో ఒకసారి నవ్వు, తెలుగు తరగతిలోనే మఱియొకసారి ఎఱ్ఱగీత. ఇరుప్రక్కల దెబ్బ తగిలిన బిడ్డకు మౌనమే క్షేమముగా తోచును. వేదికపై పలుకు భాష వేఱు, పొలముగట్టున పలుకు భాష వేఱు. రెండును తెలుగే. రెండవదానిని గౌరవించిన పిదపనే మొదటిది నేర్పవలెను.

దేశాంతరపు దృష్టాంత మొకటి చెప్పెదను. కెనడా దేశపు మాంట్రియల్ నగరమున ఫ్రెంచివారు, ఆంగ్లేయులు కలిసి నివసింతురు. వాలెస్ లాంబర్టును ఆయన సహచరులును 1960లో ఒక పరిశోధన ప్రకటించిరి. రెండు భాషలును చక్కగా వచ్చినవారిచే ఒకే విషయమును రెండు భాషలలో చదివించి, ఆ గొంతులను విద్యార్థులకు వినిపించిరి. ఒక్కరే రెండుమారులు చదివిరని వినువారికి తెలియదు. గొంతునుబట్టి ఆ మనుష్యుని తెలివి, నమ్మకము, రూపము మొదలగువానిని అంచనా వేయుమనిరి. ఆంగ్లేయ విద్యార్థులు ఆంగ్లపు గొంతునకు ఎక్కువ మెప్పు నిచ్చిరి. అందు వింత లేదు. ఫ్రెంచి విద్యార్థులును తమ భాషలోని గొంతును తక్కువ చేసి, ఆంగ్లపు గొంతునే పెక్కు గుణములలో మెచ్చుకొనిరి. మనిషి ఒక్కడే, భాష మాఱినంతనే సొంతవారి కన్నులయందే వాని విలువ తగ్గినది.

ఆ లాంబర్టే తరువాతి కాలమున రెండు విధముల ద్విభాషిత్వమును గుఱించి చెప్పెను. ఉన్న భాషపై మఱియొకటి కూడినచో అది కూడిక. క్రొత్త భాష పాతదానిని తొలగించి వచ్చినచో అది తీసివేత. మన పిల్లలు తమిళమును చక్కగా నేర్వవలెను. అది మనము నివసించు రాష్ట్రపు భాష, గొప్ప సాహిత్యము గల భాష, మన పొరుగింటి భాష. దానికొఱకు తెలుగును ఖర్చుపెట్టనక్కఱలేదు. మన పెద్దలు మూడు భాషల నడుమ సుఖముగ బ్రతికిరి. మన లెక్క ఎల్లప్పుడును కూడికగా నుండవలెను.

ముడి విప్పు ఉపాయము

నేర్చినదానిని మార్చుకొనవచ్చునని శాస్త్రము చూపినది. 1924లో మేరీ కవరు జోన్సు అను మనశ్శాస్త్రజ్ఞురాలు, కుందేలును చూచి భయపడు పీటరను మూడేండ్ల బాలుని వృత్తాంతమును ప్రకటించెను. బాలుడు తనకిష్టమైన తినుబండారము తినుచుండగా కుందేలును దూరమున నుంచి, దినదినమును కొంచెము కొంచెము దగ్గఱకు తెచ్చెను. భయపడని తోడిపిల్లలను వానితోకూడ ఆడనిచ్చెను. తుదకు బాలుడు కుందేలును చేతితో నిమిరెను. భయపడుట తప్పని ఆమె వానికి ఉపన్యసింపలేదు. భయముతో ముడిపడినదానిని సంతోషముతో ముడివేసెను.

మనము చేయదగినవి కూడ ఇట్టి చిన్నపనులే. మొదటిది, తెలుగును శిక్షతో జంట చేయకుండుట. తప్పు వ్రాసినందుకు కొట్టరాదు, తోటివారి ముందు ఎగతాళి చేయరాదు. రెండవది, తెలుగును సుఖమైన వేళలతో జంట చేయుట. రాత్రి అన్నము వేళ కథ, పండుగనాటి పాట, అవ్వ చెప్పు పొడుపుకథ ఇందుకు చాలును. మూడవది, బిడ్డ తెలుగున ఏదైనను చెప్పినపుడు పెద్దలు తల యెత్తి చూచుట. చప్పట్లు అక్కఱలేదు, వినుట చాలును. నాలుగవది, బిడ్డ చేతిలో ఫలమున్నదని చూపుట. ఊరిలోని తాతకు తెలుగున ఒక యుత్తరము వ్రాయించుడు. తాత బదులు వ్రాసిన దినమున ఆ బిడ్డకు అక్షరము పనిచేయునని తెలియును. ఐదవది, మనమే ముందు నడచుట. బస్సులో గొంతు తగ్గింపక, హెచ్చింపక, ఇంట మాటలాడినట్లే మాటలాడుట. జనగణనము వచ్చినపుడు మాతృభాష యనుచోట ఉన్నది ఉన్నట్లు చెప్పుట. సంఘము సైతము పెద్ద కోరికలతోబాటు ఈ నెలలోనే నెఱవేఱు ఒక చిన్నపనిని పెట్టుకొనవలెను. ఒక బడికి పుస్తకములు చేర్చుటయో, ఒక పల్లెలో వారమునకొక గంట చదువు చెప్పుటయో చేసినచో, ఫలము కన్నులకు కనబడును. విసిగినవారు లేచి వత్తురు.

మఱియొక హెచ్చరిక. పావ్లోవు మఱియొకటియు కనుగొనెను. చప్పుడు వినిపించి ఆహారము పెట్టకున్నచో కొంతకాలమునకు లాలాజలము ఊరుట మానును. కాని కొంత విశ్రాంతి యిచ్చి మరల చప్పుడు వినిపించినపుడు అది మరల ఊరును. పాత ముడి పూర్తిగా చెరగిపోదు. కావున రెండు నెలలు చక్కగా చదివిన బిడ్డ ఒకనాడు మరల మౌనము వహించినచో నిరాశ పడరాదు. అది ఓటమి కాదు, మనసు నడచు తీరు.

ఈ తంత్రముల పేర్లు తెలిసినవి గదాయని ఒకరిపై నొకరు ప్రయోగింపకుడు. 'ఇది నీ హేతుకరణము', 'అది నీ ప్రక్షేపణము' అని భార్యతోనో, పొరుగువానితోనో అన్నచో సంభాషణ అక్కడనే ముగియును. చలిలో వణకువాని కంబళిని లాగివేయుట వైద్యము కాదు. గది వెచ్చనైనచో వాడే తీసి ప్రక్కన పెట్టును. ఈ శాస్త్రమును మొదట ఎవరికి వారు తమకే అన్వయించుకొనుట మేలు. ఏ బిడ్డయైనను ఇంటను, బడిలోను కూడ మాట మాని, నిద్రాహారములు తగ్గి, బడికి పోవుటకే వణకుచున్నచో, అది భాషా ప్రశ్న మాత్రమే కాదని గ్రహించి వైద్యునికి చూపవలెను. 1954లో నెలకొల్పబడిన అఖిలభారత మానసిక ఆరోగ్యసంస్థ 1974లో నిమ్హాన్సుగా రూపొందినది. అది బెంగుళూరున మన హోసూరు రోడ్డుమీదనే యున్నది. అచ్చటికి పోవుట అవమానము కాదు.

రక్షకతంత్రములలో ఉత్తమమైనది యొకటి కలదు. దానికి ఉదాత్తీకరణమని పేరు. మనసులోని బాధను దాచక, ఎదుటివానిపై విసరక, పదిమందికి పనికివచ్చు పనిగా మార్చుట. హాస్యము, ముందుచూపు, ఉదాత్తీకరణము మొదలగునవి పరిణతి చెందిన తంత్రములని అమెరికా వైద్యుడు జార్జి వెయిలెంటు, 1938లో హార్వర్డునందు మొదలైన దీర్ఘపరిశోధనము ననుసరించి చెప్పెను. మన సీమ రచయితలు తమ పల్లె నుడికారమునందే కథలు వ్రాసి పుస్తకములుగా వెలువరించినది ఈ త్రోవనే. ఏ పలుకునకు నవ్విరో ఆ పలుకే అచ్చులోనికి వచ్చినది. ఆ పుస్తకము నొకదానిని ఇంటికి తెచ్చి బిడ్డచే బిగ్గఱగా చదివింపుడు. తాను మాటలాడునట్లే పుస్తకముకూడ మాటలాడుచున్నదని తెలిసిన బిడ్డకు మఱియొక ప్రమాణ మక్కఱలేదు.